కరెంటు పెట్టించుకుంటే పోయేదేముంది?

మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో వరస ఇలా ఉంటుంది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందంటారు. మాత్రలు రాస్తారు, ఫిజియోథెరపీకి వెళ్ళమంటారు. ఫిజియోథెరపీ అంటే మన ఊళ్ళలో ఎక్కువమందికి తెలిసింది ఒకటే: కరెంటు పెట్టించుకోవడం. పది రోజుల కోర్సో, పదిహేను రోజుల కోర్సో మాట్లాడుకుంటారు. మంచం మీద పడుకోబెట్టి, మోకాలికి అటూ ఇటూ ప్యాడ్లు అంటించి, "చీమలు పాకినట్టుందా అమ్మా?" అని అడిగి, ఇంకాస్త పెంచి వెళ్ళిపోతారు. పావుగంటకో ఇరవై నిమిషాలకో మిషన్ కూత పెడుతుంది. లేచేసరికి హాయిగా ఉంటుంది. తగ్గిందా అని ఇంట్లో వాళ్ళు అడిగితే "అప్పటికి తగ్గింది" అంటారు. మర్నాడు మళ్ళీ ప్రయాణం. అసలిది పనిచేస్తుందా అని ఎవరైనా నసిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: "పెట్టించుకుంటే పోయేదేముంది? మాత్రల్లాగా కిడ్నీలు పాడుచెయ్యదు కదా!"

నా తగాదా ఈ సమాధానంతోనే. కరెంటు పెడితే అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందని నమ్మేవాళ్ళతో పెద్ద పేచీ లేదు, ఆ మాటకు ఆధారం లేదని ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. 'పోయేదేముంది' అలాంటిది కాదు. చదువుకున్నవాళ్ళు అంటారు, డాక్టర్లూ అంటారు. ఏ గొప్పా చెప్పుకోని మాట కాబట్టి దాన్ని ఎవరూ నిలదీయరు. కానీ పోయేది ఉంది, తక్కువేమీ కాదు.

మిషన్‌కు దక్కాల్సిన న్యాయం ముందు దక్కనిద్దాం. టెన్స్ అని మనం పిలిచే ఈ పద్ధతి నాటువైద్యం కాదు. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఒక సిద్ధాంతం ప్రకటించారు. నొప్పి కబురు మెదడుకు చేరేముందు వెన్నుపాములో ఒక గేటు దాటాలని, స్పర్శను మోసే లావుపాటి నరాలు చురుగ్గా ఉంటే ఆ గేటు మూసుకుంటుందని వాళ్ళ వాదన. మోచెయ్యి గోడకు తగిలితే చప్పున రుద్దుకుంటాం, కాస్త నెమ్మదిస్తుంది. ఆ రుద్దడం చేసే పనిని కరెంటుతో చేయించవచ్చునన్నది ఆలోచన. 1967లో వాల్, విలియం స్వీట్ కలిసి ఎనిమిదిమంది రోగుల మీద ప్రయత్నించారు. సెకనుకు నూరుసార్లు కొట్టుకునే సన్నటి కరెంటు. రెండు నిమిషాలు పెడితే నలుగురికి అరగంటకు పైగా ఉపశమనం దొరికింది. ఆ తర్వాత తేలిన సంగతులూ ఉన్నాయి. కరెంటు తగిలినప్పుడు శరీరం తనలో తానే నల్లమందులాంటి రసాయనాలను విడుదల చేస్తుందని, కరెంటు కొట్టుకునే వేగాన్ని బట్టి వాటిలో తేడా ఉంటుందని జంతువుల మీద పరిశోధనలు చూపించాయి.

కాబట్టి మంచం మీద ఉన్నంతసేపూ హాయిగా ఉందన్న పెద్దమ్మగారు అబద్ధం చెప్పడం లేదు. 2022లో బ్రిటన్ పరిశోధకులు రకరకాల నొప్పుల మీద టెన్స్‌తో జరిగిన 381 ప్రయోగాలను ఒకచోట కూర్చి చూశారు. అన్నీ కలిపి 24 వేలకు పైగా మనుషులు. కరెంటు పెట్టినంతసేపు, తీసిన వెంటనే, నొప్పి కరెంటు పంపని ఉత్తుత్తి మిషన్‌తో కంటే ఎక్కువ తగ్గుతుందని వాళ్ళు తేల్చారు. ఈ ఫలితాన్ని టెన్స్ అభిమానులు జెండాలా ఎగరేస్తారు. ఎగరెయ్యనివ్వండి. అందులో ఉన్న షరతును మాత్రం దాటెయ్యకండి: పెట్టినంతసేపు, తీసిన వెంటనే. మోకాలి అరుగుదల పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు వెంట ఉండే జబ్బు. దాని ముందు పావుగంట లెక్క ఎంత?

ఇంకో సంగతి కూడా జనం గమనించరు. 1967లో ఎక్కువసేపు ఉపశమనం పొందిన ఆ నలుగురికీ ఉన్నవి నరాల జబ్బులు, కీళ్ళ జబ్బులు కావు. మోకాలి నొప్పి వేరే రకం. గుజ్జుకు అసలు నరాలే ఉండవు. దాని కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉండే కండరాలు, మనిషి బరువు, నిద్ర, దిగులు కూడా కలిసి ఆ నొప్పిని తయారుచేస్తాయి. వెన్నుపాము దగ్గర గేటు కాసేపు మూసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ మారదు. అసలు తీర్చకుండా వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోవడం లాంటిదిది.

మరి మోకాళ్ళ మీదే జరిగిన పరీక్షల సంగతేమిటి? వైద్య ప్రయోగాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2000లో టెన్స్ పట్ల సుముఖంగానే రాసింది. 2009లో అదే సంస్థ మళ్ళీ చూస్తే 18 ప్రయోగాలు దొరికాయి, అన్నిట్లో కలిపి 813 మంది రోగులు. ఒక్కో ప్రయోగానికి సగటున యాభైమంది కూడా లేరు. అంత చిన్నవి, అంత బలహీనమైనవి కాబట్టి పనిచేస్తుందని చెప్పలేమని రాసింది. టెన్స్ వ్యతిరేకులు కూడా ఇక్కడ కొంచెం నిజాయితీ చూపాలి. 'చెప్పలేం' అంటే 'పనిచేయదు' అని కాదు. కానీ ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో 220 మంది మోకాలి రోగులతో, అసలు మిషన్‌నూ ఉత్తుత్తి మిషన్‌నూ పక్కపక్కన పెట్టి జరిపిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. నొప్పిలో తేడా కనబడలేదు. ఈలోగా 2019లో అమెరికా రుమటాలజీ కాలేజీ మోకాలి, తుంటి అరుగుదలకు టెన్స్ వద్దని గట్టిగానే సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ ఇంకాస్త ముందుకు వెళ్ళి టెన్స్‌తో పాటు అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టి, లేజర్, షార్ట్‌వేవ్‌లను కూడా ఈ జబ్బుకు ఇవ్వవద్దంది. మేలు జరుగుతుందనడానికి చాలినంత ఆధారం లేదన్నది కారణం. మన క్లినిక్‌లలో గోడవారగా బల్లల మీద పేర్చి ఉండే పెట్టెల్లో చాలావాటి పేర్లు ఆ ఒక్క జాబితాలో ఉన్నాయి.

ఇక్కడ టెన్స్ పక్షంలో తెలివైనవాళ్ళు ఒక వాదన తెస్తారు. కరెంటు ఒంటరిగా పనిచేయకపోవచ్చు, కానీ నొప్పి తగ్గించి మనిషిని లేపి నడిపిస్తుంది, వ్యాయామానికి దారి వేస్తుంది అంటారు. నాకు ఇది చాలా మంచి వాదనగా కనిపించేది, ఎవరైనా పరీక్షించి చూస్తే బాగుండుననిపించేది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పరీక్షించారు. 2014లో అచ్చయింది. మోకాలి అరుగుదల ఉన్న 224 మందిని మూడు జట్లుగా చేశారు. అందరికీ ఆరు వారాలపాటు జబ్బు గురించి పాఠాలు, వ్యాయామాలు. ఒక జట్టుకు అదనంగా టెన్స్, ఇంకో జట్టుకు ఉత్తుత్తి టెన్స్, మూడో జట్టుకు ఏ మిషనూ లేదు. మూడు జట్లూ బాగుపడ్డాయి, ఇంచుమించు సమానంగా. నిజం మిషన్ కలిపినా, అబద్ధం మిషన్ కలిపినా, ఏదీ కలపకపోయినా ఫలితం అదే. దారి వేసేది మిషనే అయితే అది లేని జట్టు వెనకబడాలి కదా.

ఇక మోతాదు వాదన. ప్రయోగాల్లో కరెంటు చాలినంత గట్టిగా పెట్టలేదు, ఓర్చుకోగలిగినంత బలంగా పెడితే ఫలితం వేరు అంటారు. ఇందులో నిజం ఉంది. టెన్స్ మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళే ఈ లోపాన్ని ఎత్తి చూపారు. ఒకే రకంగా రోజూ పెడితే శరీరం అలవాటుపడిపోయి ప్రభావం సన్నగిల్లుతుందని కూడా వాళ్ళే చెప్పారు. సరే, ఒప్పుకుందాం. అయితే ఈ వాదన మన క్లినిక్‌లను కాపాడదు సరికదా, ఇంకా ఇరుకున పెడుతుంది. జోరు సరిగ్గా ఉండాలంటే పక్కన నిలబడి, అలవాటు పడిన కొద్దీ పెంచుతూ, రోజుకో రకంగా మారుస్తూ, మనిషి కదులుతున్నప్పుడు పెట్టాలి. మన దగ్గర జరిగేదేమిటి? పడుకోబెట్టడం, మొదట్లో ఒకసారి తిప్పడం, మిషన్ కూసేదాకా రాకపోవడం. మోతాదే ప్రాణమని వాదించేవాళ్ళు ఈ పద్ధతిని అందరికంటే ముందు ఖండించాలి.

అయినా తగ్గింది కదా అంటారు. తగ్గుతుంది. మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఎగుడుదిగుడుగా నడుస్తుంది. మనిషి క్లినిక్‌కు వెళ్ళేది అది బాగా ముదిరినప్పుడు. ఏమీ చేయకపోయినా పదిరోజుల్లో కొంత దిగుతుంది, ఆ పేరు మిషన్‌కు పోతుంది. దీనికి తోడు తెల్లకోటు, శుభ్రమైన మంచం, ఒంటి మీద స్పష్టంగా తెలిసే జలదరింపు. జలదరింపు తెలిసే వైద్యానికి ఉత్తుత్తి జత తయారుచేయడమే కష్టం, అందుకే కొన్ని ప్రయోగాల్లో మొదట కొద్ది సెకన్లు నిజంగా కరెంటు పంపి, ఆ తర్వాత తెలియకుండా ఆపేస్తారు. వైద్యం జరుగుతోందన్న నమ్మకానికే ఎంత బలముందో చూడాలంటే అమెరికాలో హ్యూస్టన్‌కు వెళ్ళాలి. అక్కడ 180 మంది మోకాలి రోగుల్లో కొందరికి కీలు లోపల గొట్టం పెట్టి శుభ్రం చేశారు, కొందరికి పైపైన చర్మం కోసి కుట్టేశారు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండేళ్ళు గమనించినా అసలు ఆపరేషన్ వాళ్ళు ఉత్తుత్తి ఆపరేషన్ వాళ్ళకంటే మెరుగ్గా లేరు. ఆపరేషన్‌కే ఆ గతి పడితే కరెంటు ప్యాడ్లకు మినహాయింపు ఏముంటుంది?

ఈ విషయం రెండున్నర శతాబ్దాల కిందటే ఒకాయనకు తట్టింది. కరెంటు గురించి ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ తెలిసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. పక్షవాతం వచ్చినవాళ్ళను ఆయన దగ్గరికి తీసుకొచ్చేవారు, ఆయన కరెంటు ఇచ్చేవాడు, మొదట్లో కొంచెం మెరుగయ్యేవారు, కొన్నాళ్ళకు మళ్ళీ మామూలే. 1757లో తన స్నేహితుడైన ఒక డాక్టరుకు రాసిన ఉత్తరంలో ఆయన శాశ్వతమైన మేలు తాను చూడలేదని ఒప్పుకున్నాడు. కనబడిన ఆ కాస్త మేలూ కరెంటు వల్లనో, రోజూ తన ఇంటిదాకా ప్రయాణం చేయడంలో ఒంటికి కలిగిన వ్యాయామం వల్లనో, బాగవుతామన్న ఆశ వల్లనో తేల్చి చెప్పలేనన్నాడు. పిడుగునే పట్టి చూసినవాడికి ఉన్న ఈ వినయం ఈనాటి కరెంటు మిషన్ల ప్రకటనల్లో వెతికినా దొరకదు. ఆయన అనుమానం మన వీధుల్లో కూడా నిజం కావచ్చు. పది రోజులూ ఆటో ఎక్కి దిగి, క్లినిక్ మెట్లెక్కిన పెద్దాయనకు మేలు చేసింది ఆ మెట్లేనేమో!

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పోయేదేముంది?

మొదట పోయేది వ్యాయామం. పైన చెప్పిన ప్రతి మార్గదర్శకమూ మోకాలి అరుగుదలకు వ్యాయామాన్నే ముందు పెట్టింది, బరువు ఎక్కువున్నవాళ్ళకు బరువు తగ్గడాన్ని దాని పక్కన పెట్టింది. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం బలంగా ఉంటే కీలు మీద పడే దెబ్బను అది మోస్తుంది. నొప్పికి భయపడి కదలకపోతే ఆ కండరం వారాల్లోనే చిక్కిపోతుంది, అప్పుడు కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది. బరువు సంగతి కూడా లెక్కలేనిది కాదు. అమెరికాలో 142 మంది లావుపాటి మోకాలి రోగులను నడిపించి కొలిచారు. ఒంట్లో ఒక్క కిలో తగ్గితే అడుగేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని తేలింది. ఇంట్లో వంటగది నుంచి పెరటి దాకా ఎన్ని అడుగులు వేస్తామో మీరే లెక్కేసుకోండి.

ఈ వ్యాయామాలు నేర్పడం ఫిజియోథెరపిస్టు చదువులో భాగమే. మరి ఎందుకు నేర్పరు? కొందరు నేర్పుతారు, వాళ్ళకు దణ్ణం. మిగతాచోట్ల లెక్క వేరు. వ్యాయామం నేర్పాలంటే ఒక మనిషి పక్కన ఒక మనిషి అరగంట నిలబడాలి. తప్పు చేస్తే సరిదిద్దాలి, మర్నాడు అడగాలి, వారానికోసారి పెంచాలి. మిషన్ అయితే ఒకే మనిషి నాలుగు మంచాలు చూసుకోవచ్చు. తప్పంతా క్లినిక్‌దే అనను. రోగి వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది: "ఊరికే కాళ్ళు ఆడించమనడానికి డబ్బులెందుకండీ? అదేదో ఇంట్లోనే ఆడించుకుంటాంగా!" ఇంట్లో ఆడించరు, అది వేరే విషయం. ఏదో ఒకటి ఒంటికి తగిలిస్తే తప్ప వైద్యం జరిగినట్టు అనిపించని మన అలవాటు, మనిషికి అరగంట ఇవ్వలేని క్లినిక్ లెక్కా కలిసి ఈ మిషన్‌ను నిలబెట్టాయి. బాగుచేయించుకోవడానికి వెళ్ళి పడుకోవాలి, లేచి చెయ్యాల్సింది ఏమీ లేదు అన్న పాఠం పదిరోజుల కోర్సులో రోగి ఒంట బట్టించుకుంటాడు. రెండో కోర్సు, మూడో కోర్సు గడిచేసరికి ఏడాది పోతుంది. ఆ ఏడాదిలో తొడ కండరం ఇంకొంచెం చిక్కుతుంది.

దీనికంటే ఘోరమైన నష్టం ఇంకొకటి. అన్ని కీళ్ళ నొప్పులూ అరుగుదల కావు. రుమటాయిడ్ అనే జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేస్తుంది. పొద్దున లేవగానే చేతివేళ్ళు గంటకు పైగా బిగుసుకుపోయి ఉండటం, రెండు చేతుల్లోనూ చిన్న కీళ్ళు వాచి వేడిగా ఉండటం దాని గుర్తులు. ఎక్కువగా ఆడవాళ్ళకు వస్తుంది, నడివయసులోనే వస్తుంది. దీనికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ లాంటి మందులున్నాయి, మొదటి కొద్ది నెలల్లో మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ. ఆ నెలల్లో ఈ జబ్బున్నావిడ కరెంటు పెట్టించుకుంటూ, అప్పటికి తగ్గిందనుకుంటూ గడిపితే పోయేది డబ్బు కాదు, చేతివేళ్ళు. రుమటాయిడ్ చేతులకు టెన్స్ పెట్టి చూసిన ప్రయోగాలను కాక్రేన్ 2003లో వెతికితే మూడే దొరికాయి, మూడింట్లో కలిపి 78 మంది, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ పాటి ఆధారంతో అసలు మందును వాయిదా వేయడం ఏ లెక్కన 'పోయేదేముంది' అవుతుంది?

యంత్రం వల్ల నేరుగా వచ్చే ప్రమాదాలు తక్కువే, ఒప్పుకుంటాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. మెడ ముందు భాగాన, పుండు మీద, షుగరు వల్ల స్పర్శ పోయిన చర్మం మీద పెట్టకూడదు. ఆన్‌లైన్‌లో మిషన్ కొనుక్కుని ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళకు ఇవి చెప్పేవాళ్ళు ఉండరు. మనదేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. అయినా పెట్టె మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబరును చూసి ఇది మోకాళ్ళను బాగుచేస్తుందని ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చిందనుకోవడం పొరపాటు.

ఇక మాత్రల పోలిక. రోజూ డైక్లోఫెనాక్ మింగేవాళ్ళ కడుపుకు, కిడ్నీలకు, గుండెకు ముప్పన్నది నిజం. ఆ మాత్రలతో పోలిస్తే కరెంటు సాధువే. కానీ మన ముందున్నవి ఆ రెండే అని ఎవరు చెప్పారు? అదే మందు పైపూత జెల్ రూపంలో మోకాలికి రాసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాలి అరుగుదలకు టెన్స్ వద్దన్న ఆ రెండు సంస్థలే ఈ జెల్‌ను సిఫారసు చేశాయి. మందుల షాపులో దొరుకుతుంది, కోర్సు ఫీజు కంటే చవక. కరెంటును మాత్రలతో పోల్చి గెలిపించేవాళ్ళు దాన్ని జెల్‌తో, చేతికర్రతో, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో ఒకసారి పోల్చి చూపించాలి.

ఈ వయసులో వ్యాయామాలేమిటండీ, కూలబడిపోతాం అనేది చివరి అభ్యంతరం. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువులెత్తే వ్యాయామం చేయించారు. వాళ్ళ సగటు వయసు 90. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికీ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. మన పెద్దవాళ్ళకు బరువులు కూడా అక్కర్లేదు. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టుకుని ఐదు సెకన్లు కిందికి నొక్కడం, కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టి ఉంచడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, ఇలా మొదలుపెట్టొచ్చు. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది. మర్నాటికి అది మామూలుకు దిగితే కొనసాగించవచ్చు, దిగకపోతే తగ్గించాలి. ఆ తేడా చూసి చెప్పేందుకే ఫిజియోథెరపిస్టు కావాలి. వచ్చేసారి క్లినిక్‌కు వెళ్ళినప్పుడు ఆ పనికి ఎంత తీసుకుంటారని అడగండి. కరెంటుకు ఇచ్చేదానికి రెట్టింపు అడిగినా ఇవ్వండి, ప్యాడ్లు మాత్రం అంటించవద్దనండి.